పాత పూల్ టేబుల్ చెక్కకు నేను వాడినవి: తోలు జిగురు, లక్క, మైనం, ఇంకా కొనకుండా ఉండాల్సింది కొన్నవి

ముందే తేల్చి చెప్పేస్తాను, అంత ఓపిక లేనివాళ్లు ఇక్కడితో ఆపేయొచ్చు. పాత పూల్ టేబుల్ చెక్క బాగుచేసుకోవాలంటే హైడ్ గ్లూ అనే తోలు జిగురు, లక్క పెచ్చులు, డబ్బాలో వచ్చే గట్టి మైనం, ఈ మూడూ కొనండి. మిగిలిన డబ్బు స్లేట్‌ని, అంటే టేబుల్ పైన పరిచే రాతి పలకల్ని, ఎత్తి దించే మనిషికి ఇవ్వండి. మెరుపు స్ప్రేలు, పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ లాంటి గట్టి పాలిష్, దేన్నైనా అతికించేస్తామనే జిగుర్లు, వీటి జోలికి పోవద్దు. ఏడాదిన్నరగా ఒకే టేబుల్ మీద కొన్ని నేనే వాడి చూశాను, కొన్ని అంతకుముందు వేరేవాళ్లు వాడితే వచ్చిన తిప్పలు చూశాను, ఏది ఎందుకు నచ్చిందో ఏది ఎందుకు నచ్చలేదో వివరంగానే రాస్తాను.

టేబుల్ మా పెదనాన్నది. 8 అడుగులది, మూడు ముక్కల స్లేట్, తోలు పాకెట్లు, రెయిల్స్, అంటే చుట్టూ ఉండే అంచు చెక్కల మీద గురి చూసుకోవడానికి ముత్యపు చిప్ప బిళ్లలు పొదిగి ఉంటాయి. ఆయన ఆడినన్నాళ్లూ అద్దంలా ఉండేది, ఆట అయిపోగానే గుడ్డ పెట్టి తుడిచి గానీ లైట్ ఆర్పేవాడు కాదు. ఆయన తర్వాత చాలా ఏళ్లు ఎవరూ పట్టించుకోలేదు. మధ్యలో ఒకసారి ఇంట్లోవాళ్లు ఒక రిపేరు మనిషిని పిలిపిస్తే అతను పైపైన గట్టి వార్నిష్ పూసి, ఊగుతున్న కాలి దగ్గర తెల్ల జిగురు కూరి వెళ్లాడు. నా దగ్గరికి వచ్చేసరికి పైన పటారం లోన లొటారం. ఒక కాలు దగ్గర ఫ్రేమ్ అతుకు కదులుతోంది, పక్క పలక మీద వెనీర్, అంటే పైన అతికించే పల్చటి చెక్క పొర, రెండు చోట్ల బుడగలా లేచింది, ఒక పొట్టి రెయిల్‌కి బంతి తగిలితే టక్కుమనాల్సింది దబ్బుమంటోంది, రెయిల్స్ మీద, కాళ్ల దగ్గరి పలక మీద గ్లాసులు పెట్టిన గుండ్రటి తెల్ల మరకలు మొత్తం లెక్కపెడితే 11 ఉన్నాయి.

పాత టేబుల్ అనగానే చాలామంది క్లాత్ మారుస్తారు, మహా అయితే బంతి తగిలి వెనక్కి వచ్చే కుషన్ రబ్బరు మారుస్తారు, చెక్క సంగతి ఎవరూ అడగరు. నాకు బాధనిపించేది అదే. 25 మిల్లీమీటర్ల మందం స్లేట్ అయితే 8 అడుగుల టేబుల్‌కే మూడు ముక్కలూ కలిపి 200 కిలోలు దాటుతుంది, ఆ బరువంతా మోసేది చెక్క. కుషన్ రబ్బరు అతుక్కుని ఉండేది రెయిల్ లోపలి చెక్కకి. క్లాత్ పిన్నులు రాయిలోకి దిగవు కదా, స్లేట్ అడుగున అతికించిన చెక్క పట్టీలోకే దిగుతాయి. అసలు ఆట కూడా చెక్క మీదే ఆధారపడి ఉంది. కుషన్ ముక్కు ఎత్తు, అంటే బంతి తగిలే అంచు ఎత్తు, బంతి వ్యాసంలో 62.5 నుంచి 64.5 శాతం మధ్య ఉండాలని ప్రపంచ పూల్ బిలియర్డ్ అసోసియేషన్ నిబంధన, 57.15 మిల్లీమీటర్ల బంతికి అది దాదాపు 36 మిల్లీమీటర్లు. రెయిల్ చెక్క వంగో కుంగో ఒక్క మిల్లీమీటరు అటూఇటూ అయితే చాలు, ఈ లెక్క తప్పుతుంది. ముక్కు కిందికి దిగితే బంతి గెంతుతుంది, పైకి లేస్తే బంతిని కిందికి నొక్కేసి వేగం చంపేస్తుంది. మనం మాత్రం రబ్బరు పాతబడిందనుకుని రబ్బరు మారుస్తాం.

సరే, తోలు జిగురు. అన్నిటికంటే ఎక్కువ నచ్చింది ఇదే, 5కి 5. పశువుల తోళ్లనుంచి తీసే జిగురు, చక్కెర పలుకుల్లాంటి గింజలుగా వస్తుంది. చల్లటి నీళ్లలో రెండు మూడు గంటలు నానబెడితే జెల్లీలా ఉబ్బుతుంది, ఆ గిన్నెని వేడినీళ్లలో పెట్టి 60 డిగ్రీల దగ్గర ఉంచితే తేనెలా కరుగుతుంది. నేరుగా మంట మీద పెట్టొద్దు, మరగనివ్వొద్దు, మరిగితే పట్టు పోతుంది. వాసన ఉంటుంది, నాకు పెద్ద ఇబ్బంది అనిపించలేదు గానీ ఇంట్లో వాళ్లకి నచ్చలేదు, కిటికీలు తీసి పెట్టుకోండి.

ఇదే ఎందుకంటే, పాత టేబుళ్ల అతుకులు చాలావరకు ఈ జిగురుతోనే వేసినవి. కొత్త తోలు జిగురు వేడిగా తగలగానే అతుకులో మిగిలిపోయిన పాత తోలు జిగురు కూడా కరిగి దాంతో కలిసిపోతుంది, అందుకని పాతదాన్ని చెక్క బయటపడేదాకా గీకి తీయాల్సిన పని లేదు, ఊడొచ్చే పొడి, దుమ్ము తుడిస్తే చాలు. తెల్ల జిగురుకి ఆ గుణం లేదు. పాత జిగురు మీద వేస్తే చెక్కని పట్టుకోదు, పట్టుకున్నట్టు కనిపిస్తుంది అంతే. ఆ రిపేరు మనిషి కూరిన తెల్ల జిగురు మా కాలి అతుకులోంచి ప్లాస్టిక్ పొరలా ఊడొచ్చింది, ఒకవైపు ఊడితే ఇంకోవైపు చెక్క రంధ్రాల్లోకి దిగి కూర్చుంది. గోరువెచ్చని వెనిగర్ పట్టించి, మెత్తబడ్డాక ఉలి అంచుతో గీకుతూ, మళ్లీ వెనిగర్ పట్టిస్తూ రెండు ఆదివారాలు దానికే పోయాయి. కొత్త జిగురు వేసే పని మాత్రం అరగంటలో అయిపోయింది.

ఇంకో గుణం, నా దృష్టిలో అసలైనది, ఇది తిరిగి విప్పుకోగలిగే జిగురు. వేడి, తేమ తగిలిస్తే వదిలేస్తుంది. నేను తప్పుగా అతికిస్తే రేపు సరిచేసుకోవచ్చు, నా తర్వాత ఎవరైనా కాలు విప్పాల్సొస్తే చెక్క పగలగొట్టకుండా విప్పుకుంటారు. ఈ టేబుల్ ఇంకా చాలాకాలం ఉండాల్సింది, నా చేతిలో దాని అతుకు మూసుకుపోకూడదు కదా.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. చల్లారితే నిమిషాల్లో గడ్డకడుతుంది, చెక్క చల్లగా ఉంటే ఇంకా త్వరగా. అందుకని జిగురు పూయకముందే ఒకసారి ఉత్తినే క్లాంపులు బిగించి చూసుకోవాలి, ఏ క్లాంప్ ఎక్కడో, కింద ఏ చెక్కముక్క పెట్టాలో అంతా తేల్చుకున్నాక, హెయిర్ డ్రయర్‌తో అతుకు రెండు వైపులా గోరువెచ్చగా చేసి, అప్పుడు జిగురు పూసి గబగబా బిగించాలి. రాత్రంతా కదపొద్దు. మొదటిసారి నేను చెక్క వెచ్చచేయకుండా పూస్తే బిగించేలోపే గట్టిపడింది, మళ్లీ వేడినీళ్ల గుడ్డతో తడిపి విప్పి చేశాను, అది కూడా ఈ జిగురు కాబట్టే కుదిరింది. అంత హడావుడి వద్దనుకుంటే సీసాలో ద్రవంగా వచ్చే తోలు జిగురు ఉంది, వేడి చేయక్కర్లేదు, తీరిగ్గా బిగించుకోవచ్చు. కానీ సీసా మీద తేదీ తప్పకుండా చూడండి, పాతబడింది సరిగ్గా గట్టిపడదు. టేబుల్ ఉన్న గది ఎప్పుడూ తేమగా ఉండేదైతే మాత్రం తోలు జిగురు సరిపడదు, ముందు గది సంగతి చూసుకోవాలి. కొత్తగా చీలిన చెక్కకి, అంటే ఇంతకుముందు ఏ జిగురూ తగలని చోట, పసుపు రంగు వడ్రంగి జిగురు కూడా గట్టిగానే పట్టుకుంటుంది, దాన్ని కాదనను. పాత అతుకులో మాత్రం వద్దు.

వెనీర్ బుడగలకీ ఇదే జిగురు. పాత వెనీర్ కింద తోలు జిగురు ఉంటే కొన్నిసార్లు కొత్తది కూడా అక్కర్లేదు, తడి గుడ్డ పరిచి ఇస్త్రీపెట్టె తక్కువ వేడిలో కాసేపు ఆనించి, వెంటనే చదునైన చెక్కముక్క పెట్టి బరువు ఉంచితే కూర్చుంటుంది. మా దాంట్లో ఒక బుడగ అలాగే కూర్చుంది. రెండోది కూర్చోలేదు, లోపల జిగురు పొడైపోయింది. పదునైన బ్లేడుతో చెక్క గీతల వెంబడే, అడ్డంగా కాదు, సన్నగా కోసి, సిరంజితో లోపలికి పంపి నొక్కాను. ఇప్పుడు వెతికినా ఆ కోత కనిపించదు. ఇస్త్రీ చేసిన చోట పాలిష్ తెల్లబడుతుంది, భయపడకండి, దాని మందు కింద చెబుతాను.

రెయిల్ దగ్గర నేను తప్పు సరుకు కొన్నాను. పైకి కనిపించే గట్టి చెక్క కింద, కుషన్ రబ్బరు అతికే వంపు దగ్గర, కాస్త మెత్తటి చెక్క ఉంటుంది, క్లాత్ మార్చిన ప్రతిసారీ పిన్నులు దిగేది దాన్లోకే. నాలుగైదు సార్లు క్లాత్ మారేసరికి ఆ చెక్క జల్లెడ అయిపోతుంది, పిన్ను కొడితే నిలవదు, రబ్బరు అంచు కూడా వదిలేస్తుంది. మా పొట్టి రెయిల్ దబ్బుమనడానికి సగం కారణం ఇదే. నేను రెండు గొట్టాల ఎపాక్సీ, అంటే రెండూ కలిపితే గట్టిపడే జిగురు, కొని ఆ కంతలన్నీ నింపాను. చూడ్డానికి రాయిలా గట్టిగా, నున్నగా తయారైంది, సంతోషపడ్డాను. క్లాత్ వేసే రోజు పిన్ను కొడితే లోపలికి దిగదు, వంగిపోతుంది. ఎపాక్సీ సరుకుగా చెడ్డది కాదు, అది ఉండాల్సిన చోటు అది కాదు. చివరికి ఆ భాగం మొత్తం ఉలితో తీసేసి, పాప్లర్ లాంటి మెత్తటి చెక్క పట్టీని కొలతకు కోసి అతికించి, చిత్రిక పట్టి, పాత వంపు ఎంత కోణంలో ఉందో అంతే కోణానికి తెచ్చాను. ఆ కోణం మారితే కుషన్ ముక్కు ఎత్తు మారుతుంది, కాబట్టి తీయకముందే అట్టముక్క మీద ఆ వంపు ఆకారం గీసి కత్తిరించి దాచుకోండి. ఈ ఒక్క పనికి మంచి వడ్రంగి దొరికితే అతని చేతికే ఇవ్వమంటాను, నాకు మూడు ప్రయత్నాలు పట్టింది.

రెయిల్ పైభాగంలో క్లాత్ అంచుని పట్టుకునే సన్నటి చెక్క పట్టీ ఒకటి ఉంటుంది, ఫెదర్ స్ట్రిప్ అంటారు, గాడిలోకి దిగి కూర్చుంటుంది. దాన్ని జిగురుతో అతికించొద్దు, క్లాత్ మందంతోనే అది బిగుసుకోవాలి. మా టేబుల్‌కి ఒక పట్టీ విరిగిపోతే కొత్తది కోశాను, కాస్త మందంగా ఉంచి సుత్తితో కొట్టబోతే గాడి అంచు చిట్లే శబ్దం వచ్చింది, అక్కడే ఆపి ఉప్పు కాగితంతో పల్చన చేశాను. వేలితో నొక్కితే సగం దిగి, చెక్కముక్క అడ్డం పెట్టి మెల్లగా తడితే పూర్తిగా దిగాలి. అంతే బిగువు.

వదులైన స్క్రూ కంతల గురించి ఒక మాట. అందరూ చెప్పేది అగ్గిపుల్లలు, టూత్‌పిక్‌లు జిగురులో ముంచి కూరమని. బొమ్మల అలమరాకి సరిపోతుందేమో, స్లేట్ బిగించే స్క్రూకి సరిపోదు. గుండ్రటి చెక్క మేకు, అంటే డవెల్, దింపి దాన్లోకి స్క్రూ వేస్తే మెరుగే కానీ, అప్పుడు స్క్రూ చెక్క నార వెంబడే దిగుతుంది, అలా దిగిన స్క్రూకి పట్టు తక్కువ. నార అడ్డంగా ఉండేలా కోసిన బిరడా, ప్లగ్ కట్టర్‌తో తీసింది, దింపితే పట్టు బాగుంటుంది. ఒక చిన్న ప్లగ్ కట్టర్ కొన్నాను, టేబుల్‌కి కొన్న పనిముట్లలో బాగా పనికొచ్చింది అదే. రెయిల్ బోల్టులు బిగించేటప్పుడు మాత్రం చేతి బలం చూపించొద్దు, ఒక్కో బోల్టు కొంచెం కొంచెంగా, మారుస్తూ బిగించండి, చెక్కలో పొదిగిన నట్టు తిరగడం మొదలైందంటే మళ్లీ రెయిల్ విప్పాల్సిందే. మా రెయిల్ శబ్దానికి మిగతా సగం కారణం ఆ నట్టే.

ఇప్పుడు పాలిష్. ఏదీ కొనకముందు పాత పాలిష్ ఏమిటో తెలుసుకోండి. కాలి లోపలివైపు, కనిపించని చోట, దూది మీద డీనేచర్డ్ ఆల్కహాల్, అంటే స్పిరిట్, రెండు చుక్కలు వేసి రుద్దండి. మెత్తబడి జిగటగా అయితే అది లక్క, షెల్లాక్. దానికి లొంగకుండా లాకర్ థిన్నర్‌కి లొంగితే లాకర్, అది త్వరగా ఆరే ఇంకో రకం పాలిష్. దేనికీ చలించకపోతే నూనె వార్నిష్ గానీ పాలీయురేథేన్ గానీ అయ్యుంటుంది. నైట్రోసెల్యులోజ్ లాకర్ ఫర్నిచర్ తయారీలోకి వచ్చిందే 1920ల్లో, అంతకంటే ముందరి టేబుల్ అయితే లక్కో వార్నిషో అయి ఉండే అవకాశం ఎక్కువ. మా టేబుల్ కాళ్ల మీద అసలు లక్క అలాగే ఉంది, రెయిల్స్ మీద మాత్రం ఆ రిపేరు మనిషి వేసిన గట్టి పొర. అది పాలీయురేథేన్ లాంటిదే, స్పిరిట్‌కి చలించలేదు. పల్చటి ఉక్కు రేకు స్క్రేపర్‌తో పొరగా లేపుకుంటూ తీశాను, ఉప్పు కాగితం వాడలేదు, ఎందుకంటే వెనీర్ ఒక మిల్లీమీటరు కంటే పల్చగా ఉండొచ్చు, రెండు నిమిషాలు అజాగ్రత్తగా రుద్దితే కింద చెక్క తేలిపోతుంది. దాన్ని మళ్లీ తీసుకురాలేం. చిప్ప బిళ్లల మీద టేప్ అంటించుకోవడం మరిచిపోవద్దు, గీత పడితే అద్దంలో కనిపించినంత స్పష్టంగా కనిపిస్తుంది.

లక్క పెచ్చులు, 5కి నాలుగున్నర. మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద లక్క పురుగు వదిలే జిగట నుంచే ఇది తయారవుతుంది, మనకి కొత్తది కాదు. స్పిరిట్‌లో వేస్తే కరుగుతుంది, లీటరుకి 120 నుంచి 180 గ్రాములు వేస్తే గుడ్డతో పట్టించడానికి సరైన పల్చన వస్తుంది. నేను పావు లీటరుకి 40 గ్రాములు వేసి రాత్రంతా ఉంచి, మధ్యమధ్యలో కదిపి, పొద్దున పల్చటి గుడ్డలో వడకట్టుకున్నాను. దూదిని పాత నూలు గుడ్డలో మూటకట్టి, లక్కలో తడిపి, పిండి, చెక్క మీద ఆగకుండా ఒకే ఊపులో పోనివ్వాలి. ఆగితే అక్కడ అంటుకుంటుంది. ఒక పొర కొన్ని నిమిషాల్లో ఆరుతుంది, గంటసేపట్లో మూడు పొరలు వేసుకోవచ్చు, దుమ్ము పడే లోపే ఆరిపోతుంది కాబట్టి ఇంట్లో చేసుకునేవాళ్లకి ఇంతకంటే వీలైన పాలిష్ నాకు కనిపించలేదు. మంట దగ్గర మాత్రం కలపొద్దు, పూయొద్దు. లక్క ఇల్లు ఏమైందో అందరికీ తెలుసు, పైగా ఇక్కడ స్పిరిట్ కూడా ఉంది.

ఆ తెల్ల గుండ్రటి మరకలు, ఇస్త్రీపెట్టె తెల్లదనం, ఇవి రెండూ చెక్కలో ఉండవు, పాలిష్ పొరలో ఇరుక్కున్న తేమ వల్ల వస్తాయి. లక్క మీద అయితే గుడ్డ మూటకి స్పిరిట్ చెమ్మ తగిలీ తగలనట్టు పట్టించి మరక మీద ఈకతో రాసినట్టు పోనిస్తే పొర పైపైన కరిగి తేమ వదిలేసి మళ్లీ గట్టిపడుతుంది. 11 మరకల్లో ఆరు కాళ్ల దగ్గరి పలక మీద, లక్క మీద ఉన్నవి, అవి ఇలాగే పోయాయి. రెయిల్స్ మీదవి గట్టి పొర తీసినప్పుడు దాంతోపాటే పోయాయి. మరక నల్లగా ఉంటే మాత్రం అది చెక్కలోకి దిగిన నీరు, ఈ పద్ధతికి పోదు.

అర మార్కు ఎందుకు తగ్గించానంటే, లక్కకి మద్యం, వేడి పడవు. రెయిల్ మీద గ్లాసు పెడితే మరక ఖాయం. మా ఇంట్లో ఇప్పుడు గ్లాసులకి వేరే చిన్న బల్ల ఉంది, రెయిల్ మీద ఏదీ పెట్టనివ్వను, ఎవరైనా సరే. కలిపిన లక్క ఎక్కువ కాలం నిలవ ఉండదు కూడా, ఆరు నెలలు దాటిందంటే నమ్మొద్దు, గాజు ముక్క మీద చుక్క వేసి చూడాలి.

మైనం, 5కి 4. తేనెమైనం, కార్నూబా మైనం కలిసిన గట్టి రకం తీసుకోండి. మెత్తటి గుడ్డతో చాలా పల్చగా రాయాలి, ఎంత పల్చగా అంటే రాశామో లేదో అనిపించాలి, పావుగంట ఆగి పొడి గుడ్డతో మెరిసేదాకా రుద్దాలి. ఏడాదికి రెండుసార్లు చాలు. ఎక్కువ రాస్తే మెరుపు రాదు, దుమ్ము పట్టి మసకబడుతుంది. మార్కు తగ్గించింది ఎందుకంటే డబ్బా మీద రాసినంత రక్షణ ఏమీ ఉండదు, గీతలు కాస్త తగ్గుతాయి, తుడవడం తేలికవుతుంది, నీళ్లని మాత్రం ఎక్కువసేపు ఆపలేదు. క్లాత్‌కి తగలనివ్వొద్దు, రెయిల్ లోపలి అంచు దగ్గర వేలికి గుడ్డ చుట్టుకుని చేయండి.

మెరుపు స్ప్రే, 5కి ఒకటి కూడా ఇవ్వను. చాలా స్ప్రేల్లో సిలికోన్ నూనె ఉంటుంది. కొట్టిన రోజు మెరుస్తుంది, నిజమే. తర్వాత ఎప్పుడైనా పాలిష్ వేయబోతే ఆ నూనె ఉన్న చోట పాలిష్ నిలవకుండా చేప కళ్లలా గుండ్రటి గుంటలు పడతాయి. మా పొడుగు రెయిల్ మీద సరిగ్గా అదే అయింది, నేను కొట్టలేదు, అంతకుముందు ఎవరు ఎన్నాళ్లు కొట్టారో తెలియదు. మినరల్ స్పిరిట్స్ అనే పెయింటు పల్చన చేసే ద్రవంతో గుడ్డలు మారుస్తూ తుడిచి, మైనం తీసేసిన రకం లక్క రెండు పల్చటి పొరలు వేశాక గానీ లొంగలేదు. ఆ రకం లక్క సిలికోన్‌ని కప్పిపెట్టి పైపొరకి తగలనివ్వదు, పాత పాలిష్‌కీ కొత్త పాలిష్‌కీ మధ్య అడ్డుగోడగా కూడా పనికొస్తుంది, అందుకే పెచ్చులు కొనేటప్పుడు ఆ రకమే అడిగి తీసుకోండి.

నిమ్మ వాసన వచ్చే చెక్క నూనెలు కూడా ఒక సీసా కొన్నాను. చెక్కకి ఆహారం అని రాసి ఉంటుంది, కోసి ఆరబెట్టిన చెక్క ఏదీ తినదు. పాలిష్ పొర బాగుంటే నూనె లోపలికి వెళ్లదు, పైన జిడ్డుగా మిగిలి చాక్ దుమ్మంతా పట్టుకుంటుంది. అవిసె నూనె లాంటివి వాడితే ఇంకో జాగ్రత్త, ఆ నూనె గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయొద్దు, తమంతట తాము వేడెక్కి అంటుకుంటాయి, విడివిడిగా పరిచి ఆరనిచ్చి పారేయండి.

చాక్ దుమ్ము మాటొచ్చింది కాబట్టి చెబుతున్నాను. క్యూ కర్ర కొనకి రాసే చాక్ అంటే సుద్ద అనుకుంటాం. కాదు, 1897లో పేటెంట్ పొందినప్పటినుంచీ అందులో సిలికా, కొరండం లాంటి గరుకు పొడులు ఉంటున్నాయి, ఉప్పు కాగితంలో ఉండేలాంటివే. రెయిల్ మీద పడిన నీలం పొడిని పొడి గుడ్డతో రుద్దితే మనమే పాలిష్‌ని అరగదీస్తున్నట్టు. ముందు మెత్తటి బ్రష్ ఉన్న వాక్యూమ్‌తో పీల్చేయండి, తర్వాత చెమ్మ గుడ్డతో అద్దినట్టు తుడవండి. పెదనాన్న రోజూ తుడిచేవాడన్నాను కదా, ఆయన గుడ్డకన్నా ముందు ఒక మెత్తటి కుంచె వాడేవాడు, అదెందుకో నాకు ఇప్పుడు అర్థమైంది.

ఇంకో చిన్న వస్తువు, గదిలో తేమ చూపించే మీటర్. గాల్లో తేమ పెరిగితే చెక్క అడ్డంగా ఉబ్బుతుంది, తగ్గితే కుంచించుకుపోతుంది, పొడుగులో మాత్రం దాదాపు మారదు. వెడల్పాటి పలకలు చీలేది, వెనీర్ లేచేది, అతుకులు వదులయ్యేది చాలావరకు దీనివల్లే. 40 నుంచి 60 శాతం మధ్య ఉంచగలిగితే మేలు, అంతకంటే ముఖ్యం ఒక్కసారిగా మారకుండా ఉండడం. టేబుల్‌ని ఎండ పడే కిటికీ పక్కన, ఏసీ గాలి నేరుగా తగిలే చోట పెట్టొద్దు. మీటర్ పెట్టాక నాకు తెలిసింది ఏమిటంటే, మా గదిలో రాత్రి కిటికీ తీసి పడుకుంటే పొద్దునకి 20 శాతం తేడా వస్తోంది. ఆ కిటికీ ఇప్పుడు మూసే ఉంటుంది.

స్లేట్ దగ్గర మాత్రం నేను చేయి పెట్టలేదు, టేబుల్ బిగించడమే పనిగా ఉన్న మనిషిని పిలిచాను. మూడు ముక్కల్నీ ఎత్తి దించడం, ఫ్రేమ్ మీద మట్టం చూసి ఎత్తు సరిచేసే సన్నటి చీలికలు కింద పెట్టడం, ముక్కల మధ్య సందుల్లో తేనెమైనం కరిగించి పోసి గీకి చదును చేయడం, అతను ఒక సహాయకుడితో కలిసి సగం రోజులో చేశాడు. ఆ చీలికలు కూడా గట్టి చెక్కవే పెట్టాడు, అట్టముక్కలు పెట్టలేదు, నాకు అతని మీద గౌరవం కలిగింది అక్కడే. అట్ట అయితే ఆ బరువుకి నలిగిపోయి కొన్ని నెలల్లో మట్టం తప్పుతుంది. బిగించేముందు అతను ఫ్రేమ్ అతుకులన్నీ ఊపి చూసి, నేను అతికించిన కాలు దగ్గర కాసేపు ఆగి, ఏ జిగురు వాడావని అడిగాడు. చెప్పాను. తలూపి పనిలో పడ్డాడు.

పొట్టి రెయిల్ ఇప్పుడు టక్కుమంటోంది. ఒక పొడుగు రెయిల్ మీద ఆఖరి రెండు పొరల లక్క ఇంకా మిగిలింది. నిన్న సాయంత్రం మొదలుపెడదామని పాత సీసా తీసి గాజు ముక్క మీద చుక్క వేశాను, పొద్దున గోరుతో నొక్కితే ఇంకా జిగటగానే ఉంది. సీసా పక్కన పెట్టేసి, ఈ రాత్రికి కొత్తగా 40 గ్రాములు నానేశాను.